నైరుతిలో బరువు

హలో… ఆ, నేనేనండి జోగారావుగారూ. యెషయాని, నాలుగో అంతస్తు.

మెయింటెనెన్స్ గురించి కాదండి, అది కట్టేశాను… మీరే కదా సెక్రటరీ, అందుకే మీకు చేశాను.

టాంకు గురించి. మేడ మీద నీళ్ళ టాంకు…

లీకవట్లేదు. లీకైనా బాగుండేది.

దాన్ని ఎత్తి, మేడ మీదున్న నా మిషన్ గది నెత్తిన పెట్టారు—

…ఎవరు చెప్పారు?… వాస్తు సిద్ధాంతిగారా. నైరుతిలో బరువుండాలన్నారా… ఉండాలి సరే. అక్కడ నా గది ఉంది కదండీ.

ఇప్పుడే చూశాను. మోకాళ్ళు కదా, మేడెక్కి చాలా రోజులైంది. లెక్కంతా వైరులో కిందికే, నా కంప్యూటర్లోకి వచ్చేస్తుంది…

అబ్బే, డబ్బు లెక్క కాదు. ఆకాశంలోంచి కణాలు పడుతుంటాయి, కాస్మిక్ కిరణాలంటారు. ఎన్ని పడ్డాయో ఆ మిషన్ లెక్కపెడుతుంది…

వాన కాదండి. గొడుగు పన్చెయ్యదు… ఆ, ఇప్పుడు కూడా. మీ మీద కూడా… ఏం కాదు, కూర్చోండి.

సూర్యుడు చెలరేగితే అవి తక్కువ పడతాయి, నెమ్మదిస్తే ఎక్కువ. ఆ తేడా కొలుస్తున్నా. ఒక చుట్టు తిరగడానికి పదకొండేళ్ళు… ఆ, రిటైరవకముందు నుంచీ. ఇంకో ఏడాదిలో చుట్టు పూర్తి.

…లేదండి, దానివల్ల పెన్షన్ పెరగదు.

అదే చెబుతున్నా. సూర్యుడు నెమ్మదిస్తున్నాడు, లెక్క పెరగాలి. ఉన్నట్టుండి పడిపోయింది. సౌర తుఫాను అనుకున్నాను. రిచర్డ్‌కి మెయిల్ కూడా పెట్టాను — నా క్లాస్‌మేట్ లెండి, అన్ని ఊళ్ళ లెక్కలూ వాడి దగ్గరికే వెళతాయి — పెద్ద తుఫానురా అని…

వాడు పొద్దున ఫోన్ చేశాడు. మిగతా ఊళ్ళలో ఏమీ లేదట. సూర్యుడు ఒక్క నేరేడ్‌మెట్ మీదే అలిగాడా అన్నాడు…

నవ్వండి, ఫరవాలేదు. వాడు కూడా నవ్వాడు.

నీళ్ళు అడ్డమండి. పైన అన్ని నీళ్ళుంటే కొన్ని కణాలు ఆగిపోతాయి. పోనీ ఆ కాస్తా కలిపి సరిచేద్దామంటే, పొద్దున టాంకు నిండుతుంది, మధ్యాహ్నానికి ఖాళీ అవుతుంది. వాచ్‌మన్ మోటరేసినప్పుడల్లా నా సూర్యుడికి తుఫానొస్తోంది.

సాయంత్రంలోపు టాంకు దించితే, రిచర్డ్ ఈ చెడిపోయిన ముక్క కొట్టేసి మిగతాది ఉంచుతానన్నాడు. లేకపోతే మన స్టేషన్ లెక్కే తీసేస్తాడట… మన అంటే నాదే లెండి. మొత్తం.

…లిఫ్టా? టాంకు మార్చినప్పటి నుంచి లిఫ్టు ఒక్కసారీ ఆగలేదా… కామేశ్వరమ్మగారి బీపీ దిగిందా… రెండో అంతస్తుకి అద్దెకి మనిషి దొరికాడా. మంచిదండి.

నేను ఈశాన్యానికి మారనా?… చోటు మారిస్తే మళ్ళీ మొదటి నుంచండి. నాకు డెబ్బై వస్తున్నాయి. సూర్యుడికేం, తొందర లేదు.

…మీటింగ్‌లో అందరూ ఒప్పుకున్నారా. నేను రాలేదే—

మా ఫ్లాటు నుంచి వచ్చారా?

ఎవరు?

…మా ఆవిడా. మేబెలా.

చెయ్యెత్తిందా…

అందరికన్నా ముందా.

…అయ్యో, మీరేం తప్పు మాట్లాడలేదండి. వాస్తు కాదులెండి, మాది చర్చి కుటుంబం, తనకి అలాంటివి పట్టవు… ఆ… ఓహో, షవర్‌కా. టాంకు ఎత్తులోకి వెళితే మా బాత్రూమ్‌కి ఫోర్స్ వస్తుందని మీరు చెప్పారా…

దించేయిస్తారా, సాయంత్రానికి?

…వద్దు, దించకండి. క్రేన్ అవీ మళ్ళీ మీకు పరేషాన్. రిచర్డ్‌కి నేనే చెబుతా, తీసెయ్యమని.

కోపమా? ఎవరి మీదండి…

తననేం అడగను. స్నానం చేస్తోంది ఇప్పుడు.

ఆ, ఇక్కడికి వినిపిస్తోంది… కీర్తన. చరణం కూడా పాడుతోంది, ఎప్పుడూ పల్లవితో ఆపేసేది.

…అవునండి. ఫోర్స్ బాగానే ఉంది.

ఉంటాను.