తినేసిన నంబరు

ఒడెస్సాలో వాన. అయిదో నంబరు ట్రాములో టికెట్లు తనిఖీ చేసే రైసా, లెక్కల మాష్టారు యెఫీమ్, ఆయన వెనక సీట్లో క్లావా బామ్మ.

"తినేశారా?"

"తినేశానండీ."

"టికెట్టుని?"

"అదృష్టం టికెట్టు కదా మరి. తినకపోతే కోరిక తీరదు."

"దిగాక తినాలి మాష్టారూ! ఊళ్ళో చంటిపిల్లాణ్ణి అడిగినా చెప్తాడు."

"ఆగలేకపోయాను రైసా గారూ."

"నా పేరు మీకెలా తెలుసు?"

"అదే... కోటు మీద బిళ్ళ ఉందిగా."

"సరే, వచ్చే స్టాపులో దిగిపోండి."

"దింపకండి, మీకు పుణ్యముంటుంది. ఇవాళ ఒకావిణ్ణి పెళ్ళి చేసుకుంటారా అని అడగాలి. చలికాలమంతా నాన్చాను. ఇప్పుడు దిగిపోయానంటే ఇక ఈ జన్మకి నోరు పెగలదు."

"ఇలాంటివి రోజూ వింటాను. నిన్నొకడు భార్య పురిటికి పరుగెడుతున్నానన్నాడు. ఆవిడేమో పక్కనే కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతోంది."

"నంబరు చెప్తాను, వినండి. మూడు లక్షల ఎనభై అయిదు వేల మూడు వందల ఎనభై అయిదు."

"నంబరు పుట్టించడం ఎంతసేపు? ముందు మూడంకెల మొత్తం, వెనక మూడంకెల మొత్తం సమానమైతే అదృష్టం టికెట్టేగా."

"మొత్తాలే కాదండీ, అంకెలే మళ్ళీ వచ్చాయి! మూడు ఎనిమిది అయిదు, మూడు ఎనిమిది అయిదు! ఏడు పెట్టి భాగించండి, శేషముండదు. పదకొండు పెట్టండి, ఉండదు. పదమూడు..."

"ఆపండి బాబూ, వెనక జనం ఉన్నారు."

"ఒక్క నిమిషం! ఏ మూడంకెల్ని పక్కనే మళ్ళీ రాసినా వెయ్యిన్నొకటితో హెచ్చవేసినట్టే. ఆ వెయ్యిన్నొకటేమో ఏడూ పదకొండూ పదమూడుల గుణకారం."

"అంటే వాటినీ మింగేశారన్నమాట."

"అయిదుని కూడా. ఏడునీ పదకొండునీ అయితే రెండేసి సార్లు."

"అరగదు మాష్టారూ. లేవండి, స్టాపొస్తోంది."

"అమ్మాయ్, నా టికెట్టు చూడు. ఈయన వెనకే ఎక్కి, ఈయన వెనకే కొన్నాను. కళ్ళజోడు తేలేదు."

"ఇలా ఇవ్వండి బామ్మగారూ. మూడు ఎనిమిది అయిదు... మూడు ఎనిమిది... ఆరు."

"చూశారా! సరిగ్గా నా తర్వాతది! ముందు పదహారు, వెనక పదిహేడు. ఒక్కటే తేడా. బామ్మగారూ, మీది కలయిక టికెట్టు. ఇవాళ మీకు ఎవరో ఎదురుపడతారు."

"ఈ వయసులో నాకెవరు ఎదురుపడతారయ్యా, పళ్ళ డాక్టరు తప్ప!"

"సరే సరే, మింగింది నిజమే. కానీ రూలు రూలే. చేతిలో టికెట్టుండాలి."

"నాలుగు స్టాపులు, అంతే!"

"ఇంతకీ ఆవిడది ఏ స్టాపు?"

"ఆవిడకి స్టాపంటూ లేదండీ."

"ఇల్లెక్కడ?"

"తెలీదు."

"ఇన్ని లెక్కలొచ్చిన మనిషికి పెళ్ళాడబోయే ఆవిడ ఇల్లు తెలీదా? మరి ఎక్కడ దొరుకుతుందని బయల్దేరారు?"

"అందుకేగా టికెట్టు తిన్నది. ఆవిడ ఈ ట్రామే ఎక్కాలని కోరుకుని తిన్నాను."

"ఎక్కిందా?"

"ఎక్కింది."

"అయ్యో నాయనా, మరి అడగవేం!"

"ఎలా అడగను బామ్మగారూ? ఎక్కిన దగ్గర్నుంచీ టికెట్టు, టికెట్టు అని నా ప్రాణం తీస్తోంది!"