దడుపు తీసేదానికి పోయిన లారీ

ఏమంటివి, శుక్రవారమా? నేనెందుకురా రావాల? కూచో ముందు. ఆ కుర్చీ వద్దు, దాని కాలు ఊగతాది, ఈ బెంచీ మీద కూచో. అంత పెద్ద కంటైనరు బండిని రోడ్డు మీద పెట్టేసి, కేజీ కండిగై ఊర్లో ఈ ముసిల్దాన్ని ఎతుక్కుంటా వచ్చినావంటే ఏదో అడగతావనే అనుకుంటి. ఎవురు చెప్పిరి, మీ అత్తా? నీ పెండ్లాం వైష్ణవి వాళ్ళమ్మ? మునిలక్ష్మవ్వ పెద్దామె, ఆమె చేత్తో దిష్టి తీపిస్తే దడుపు పోతాది అనిందా? బలే చెయ్యి పట్టుకునిందిలే ఆయమ్మ, నా చేతి సంగతి ఈ ఊర్లో ఎవుర్ని అడిగినా చెప్పుందురు. ఉండు, మిగతాది నేను చెప్తా. నువ్వు యాడ దడుసుకున్నావో ఆ తావుకే పోవాల, అదే బండిలో, నువ్వే తోలుకుంటా. దావ పొడుగునా ఎవురూ నోరు మెదపకూడదు. అంతే గదా? చూస్తివా, నువ్వు చెప్పకముందే చెప్పేస్తి. ఐయో దేవుడా, ఇంకా దాన్ని వదల్లేదా మనోళ్ళు? బండిలో దావ చూపించే ఫోను ఉండాది, అది మాట్లాడతాది గూడా. దడుపుకి మాత్రం అదే నిమ్మకాయ, అదే నల్లకోడి.

నేను రాను. నువ్వూ పోకూడదు. మొహం అట్ల పెట్టొద్దు, ఎందుకో చెప్తా ఇను. ఆ పొంగలు తింటా ఇను, ఆరిపోతాది. మీ సుదర్శనం తాత సంగతి నీకు ఎవురూ సరిగ్గా చెప్పిండరు. మీ అవ్వ, అదే నా చెల్లెలు, అది ఏడుస్తాదే గానీ చెప్పదు. మా కాలంలో మొగుని పేరు చెప్పకూడదురా, నా మొగుడైనా నేను చెప్తా, చెప్తే ఇప్పుడేమవతాది ఆయనకి. సుదర్శనం. ఇటికిరాళ్ళ లారీ తోలతా ఉన్నింది మీ తాత. ఊతుకోట పక్క కాళవాసల్లో, అదే ఇటిక బట్టీల్లో, రాళ్ళు ఎత్తుకుని, పూండి మీదుగా తిరువళ్ళూరు, ఆడ్నించి మెడ్రాసు. ఎత్తరం మనిషి, మీసం గూడా పెద్దదే, గొంతు మాత్రం ఆడపిల్ల గొంతు మాదిరి మెత్తగా ఉండేది. లారీలో సీటు కింద ఒక చెక్కపెట్టె. దాన్లో స్టవ్వు, రెండు గిన్నెలు, చింతపండు, మిరప్పొడి. దావలో నిలిపి సాంబారు పెట్టినాడంటే వెనకాల వచ్చే లారీలోళ్ళు హారన్ కొట్టి దిగేస్తారు, నాకు రొంత, నాకు రొంత అని. నేను పెట్టే సాంబారు తిని మాత్రం ఏమీ చెప్పడు, ఉప్పుబుడ్డి దగ్గరికి లాక్కుంటాడు, అంతే. ఎంత కోపం వచ్చేదో నాకు!

తిరుత్తణి కొండ కింద కల్యాణమండపాల్లో వంట మాస్టరు ఒకాయన ఉన్నింది, శశికుమార్ అని, తమిళాయన. ఆయన ఒకతూరి దావలో ఈ సాంబారు తిన్నాడంట. తిని, డ్రైవర్ వేలైయ విట్టుట్టు ఎంగూడ వాయ్యా, అని చెయ్యి పట్టుకున్నాడంట. లారీ వదిలేసి నా కూడా వచ్చెయ్ అని. మీ తాత ఇంటికొచ్చి అది చెప్పి చెప్పి నవ్వినాడు. నేనూ నవ్వితి. అప్పుడు నవ్వులాటే.

అప్పురం, ఆ తర్వాత ఏమయింది, మా అన్న కోదండరామ ఒక పొద్దు మా ఇంటికొచ్చి వాకిట్లోనే నిలబడి అరస్తా ఉండాడు. ఏం లక్ష్మీ, లారీ తోలితే నీ మొగునికి కండ్లు నెత్తికెక్కినాయా? కనకమ్మసత్రం టీ కొట్టు కాడ రెండు చేతులూ ఎత్తి పిలస్తా ఉండా, నా మొహంలోకే చూస్తా పోయినాడు, పలకరింపు లేదు, నవ్వు లేదు! నేను మీ తాతని అడిగితి. ఆయన అన్నం పిసకతా, నేను మీ అన్నని చూళ్ళేదే, అనె. టీ కొట్టు కాడ రోడ్డుకి ఒక పక్కంతా మట్టి తోలినారంట గదా అంటే, ఏం మట్టి, అనె. పట్టపగలు, మందు ముట్టని మనిషి, కండ్లు తెరుచుకుని పోతా ఉండాడు, ఏమీ కనబళ్ళేదంట. ఎవురితో చెప్పుకునేది? మా అన్న అయితే, పొగరు, పొగరే అది, అని తీర్మానం చేసేసె.

ఇంకొన్ని దినాలకి పూండి కాలవ. తెలుసు గదా, చెరువు నించి మెడ్రాసుకి నీళ్ళు పోయే కాలవ, ఆ మలుపు. అప్పుడు అడ్డంగా గోడ గూడా లేదు. లోడుతో వస్తా ఉండాడు. టీ తాగింది గుర్తుండాది, బండి ఎక్కింది గుర్తుండాది, అంతే. మళ్ళా తెలివొచ్చేసరికి ముందర చక్రం కట్ట మీద, కంకర జారతా ఉండాది, కింద నీళ్ళు. బ్రేకు ఎవురు తొక్కినారో గూడా తెలీదంట. నేనే తొక్కింటా లక్ష్మీ, కాలు నాదే గదా, అన్నాడు. ఇంటికొచ్చి లారీ తాళం నా చేతిలో పెట్టేసినాడు. ఇంక నేను ఎక్కను, దిగిపోతా, మాస్టరు దగ్గర చేరిపోతా, గరిటె పట్టుకుని నిద్రపోయినా ఎవురూ చావరు గదా, అన్నాడు. నవ్వించేదానికి అన్న మాట కాదురా అది. నేను సరే అంటి. ఆ పొద్దే సరే అంటి, నా మాటకి ఆ ఇంట్లో యాడ విలువ?

మా అత్త లేచింది. నీకు తెలీదు ఆమె గొంతు, తకరడబ్బా మీద రాయి పడినట్ల ఉంటాది. ఏమిరా, మన వంశంలో ఎవురన్నా ఊరోళ్ళ పెండ్లిండ్లలో గరిటె తిప్పినారా? మడకో స్టీరింగో పట్టినోళ్ళమే గానీ, పందిట్లో పొయ్యి ముందర కూచునే రకమా మనది? నా కొడుకు దడుసుకున్నాడు, అంతే, దడుపు తీస్తే సరిపోతాది. చిన్నబిడ్డలకి తీసినట్లే! కుప్పుస్వామిని పిలిపిచ్చింది. ఆయన మంత్రించేవాడు, మంచోడే, అబద్ధం ఎందుకు చెప్పాల, నీకు చిన్నప్పుడు ఒళ్ళు కాలితే వాళ్ళ కొడుకే గదా తాయెత్తు కట్టింది. ఆయన మీ తాత నాడి పట్టుకుని చూసి, దడుపు మనిషిలో లేదు, ఆ మలుపులోనే నిలబడి ఉండాది, అన్నాడు. వదిలిన తావుకే పోయి, ఆడనే నిమ్మకాయ తొక్కించి, ఆ మన్ను నుదుట పెట్టల్ల. అదే లారీ, తోలేది తానే. దావలో ఎవురన్నా నోరు తెరిస్తే దడుపు ఆ గొంతు పట్టుకుని మళ్ళా బండెక్కేస్తాది. ఇదీ ఆయన చెప్పింది. అందరూ తలకాయలు ఊపినారు. మీ తాత గూడా ఊపినాడురా. ఆయనకీ నమ్మకమే. పాపం, ఎట్లనన్నా పోతే చాలని ఉన్నింది ఆయనకి.

పోతిమి. మీ తాత స్టీరింగు కాడ, పక్కన నేను, నా పక్కన మా అత్త, వాకిలి కాడ కుప్పుస్వామి ఒళ్ళో కోడి పెట్టుకుని. మా అన్న వెనకాల బాడీలో. తిరువళ్ళూరు దాటేదాకా బాగానే ఉన్నింది. ఊరికే ఉండే మనిషి కాదు మీ తాత, లారీ తోలతా ఏదో ఒకటి చెప్తానే ఉంటాడు, ఆ పొద్దు ఆయన నోరూ కట్టేసినారు గదా. ఇంజను చప్పుడు, కోడి అప్పుడప్పుడు గురగుర. నేను దావ చూళ్ళేదు, ఆయన మొహమే చూస్తా ఉండా. అట్ల చూస్తా ఉండంగానే పోయినాడురా. ఎట్ల చెప్పేది నీకు, మనిషి ఈడనే ఉండాడు, చేతులు స్టీరింగు మీదే, కండ్లు తెరిచే ఉండాయి, ఆ కండ్లలో మాత్రం ఆయన లేడు. దీపం పెట్టి గడె పెట్టుకుని పోయిన ఇల్లు చూసినట్ల ఉన్నింది. మలుపు కనబడతా ఉండాది. తిప్పుతాడు, తిప్పుతాడు, అని చూస్తా ఉండా. తిప్పలేదు.

అరిస్తి. దడుపు నన్నే పట్టుకోనీ, ఏమన్నా కానీ అని, ఓయ్ అని చెవిలో అరిచి, ఆయన చెయ్యి కొరికేస్తి. కొరికినా గదా, రక్తం వచ్చేటట్ల! ఉలిక్కిపడి తొక్కినాడు బ్రేకు. కోడి ఎగిరి అద్దానికి కొట్టుకునింది. లారీ కట్ట ఇవతలే నిలిచింది, అందరూ బతికితిమి. మీ తాత నా పక్క చూసినాడు. మలుపు వచ్చేసిందా, అనె. అంతే అనె.

దానికి నాకేం దక్కిందో తెలుసా? దిగీ దిగకముందే మా అత్త నా కొప్పు పట్టుకునింది. పాడుముండా, చేతికొచ్చిందాన్ని చెడగొట్టేస్తివే! కుప్పుస్వామి గూడా తలకాయ అడ్డంగా ఊపినాడు. నేను మొత్తుకుంటి. నేను అరిచినందుకే బతికినారు, ఈయన కండ్లు తెరుచుకునే తెలివి తప్పతా ఉండాడు, ఇది దడుపు కాదు ఏదో జబ్బు, తిరువళ్ళూరులో డాక్టరుకి చూపిద్దాం, అని కాళ్ళు పట్టుకుంటి. మా అన్నని అడిగితి, అన్నా నువ్వన్నా చెప్పు, ఆ పొద్దు నిన్ను చూళ్ళేదే ఆయన, పొగరు కాదే అది, అని. మా అన్న నేల చూస్తా, పెద్దోళ్ళు చెప్తా ఉంటే నీకెందుకమ్మా, అనె. చెడిపోయింది గాబట్టి మళ్ళా చెయ్యల్ల అన్నారు. వచ్చే అమావాసకి. ఈతూరి ఈ నోరున్నదాన్ని తీసుకుపోకూడదు అన్నారు.

తీసుకుపోలేదు. పొద్దున్నే రెండు దోసెలు పోస్తి, తిన్నాడు. ఎక్కే ముందర నా పక్కకి వచ్చి, ఇది అయిపోతే ఎట్లాగూ మాస్టరు దగ్గరికి పోదాం, పెండ్లి సాంబారుకి పప్పు ఎంత వెయ్యల్లో కనుక్కోవాల, అన్నాడు. నేను మళ్ళా ఏమంటానో అని మా అత్త అడ్డం వచ్చి నిలబడె. లారీ పోయింది. నోరున్నది ఇంట్లో ఉండిపోయింది, నోరు లేనోళ్ళంతా లారీలో. ఎవురూ మాట్లాడలేదంట. నీళ్ళలో పడేదాకా ఎవురూ ఒక్క మాట మాట్లాడలేదంటరా! మా అన్న వెనకాల బాడీ నించి దూకి బతికినాడు, ఆయన చెప్పిందే ఇదంతా. కుప్పుస్వామిని లాగినారు, ఒక కాలు పోయింది. మా అత్త, మీ తాత, ఇద్దరూ ఆడనే. మా అన్న చచ్చేదాకా నా మొహం చూసి మాట్లాడలేదు. ఊరేమనిందో తెలుసా? మొదటితూరి మునిలక్ష్మి నోరు తెరిచింది గాబట్టే అట్లయింది, అన్నారు. ఈ చెయ్యేరా దిష్టి తీసేదానికి నీకు కావాల్సింది.

ఇప్పుడు నువ్వు చెప్పు. మీంజూరు దాటింది తెలీలేదంటివే, కాట్టుపల్లి పోర్టు గేటు కాడ ఎవురో అద్దం మీద కొడితే తెలివొచ్చింది అంటివే, అది ఒకతూరేనా? ... నేల చూడొద్దు, నన్ను చూసి చెప్పు. ... ఇంకోతూరి గూడానా. ఐయో నాయనా. వైష్ణవికి చెప్పినావా? గోడౌన్లో డబ్బాలకి స్కానింగు పెట్టే పని వచ్చిందంటివే, దాన్నే పట్టుకో. జీతం తక్కువైతే ఏమి, మీ అత్తకి నామోషీ అయితే ఏమి? ట్రైలరు తోలే అల్లుడు అని చెప్పుకునేదానికి బాగుంటాది ఆయమ్మకి. బాగుంటాది, వినేదానికి. నాకు భయంరా. ఈ వయసులో నాకు పామంటే భయం లేదు, చావంటే భయం లేదు, నీ బండి చప్పుడంటేనే భయం. మీ అత్తకి నేను చెప్తా. శుక్రవారం నిమ్మకాయలు కొనిండాదేమో, ఊరగాయ పెట్టుకోమను.

ఎవురు ఫోను? ఓనరా? ఎత్తు, ఎత్తి చెప్పెయ్ వేరే డ్రైవరుని పంపమని. ... ఏమిరా, వచ్చేస్తా ఉండా సార్ అంటివి? నీ కూడా తోలేవాళ్ళు వేరే ఎవురూ లేరా? ఆ శ్యామ్‌సుందర్ యాడ పోయినాడు? ... పోర్టులోనా. రేపటి దాకా రాడా. రోడ్డు మీద నిలిపితే పోలీసోళ్ళు వస్తారా. ... వద్దురా. ... వద్దంటే ఇనవా? తిరువళ్ళూరు యార్డు దాకా, అంతే గదా? సరే, ఉండు. నేనూ వస్తా. నవ్వొద్దు, అంత మెట్టు ఎక్కలేనని నాకూ తెలుసు, నువ్వే ఎత్తి కూచోబెట్టాల. యార్డులో తాళం వాళ్ళ చేతిలో పెట్టేసి, నేరుగా డాక్టరు దగ్గరికి, ఆడ్నించి బస్సులో ఇంటికి. దావ పొడుగునా నేను మాట్లాడతానే ఉంటా, నాకేం మాటలు కరువా? నువ్వు ఊ కొడతా ఉండాల. ఊ అనకపోతే కొరికేస్తా, చెప్తా ఉండా, పండ్లు ఇంకా ఉండాయి. ఆ గిన్నె ఆడ పెట్టేసి లెయ్. నా చెప్పులు ఇట్ల జరుపు. ... ఏమి, అట్లనే నిలబడినావే? చెప్పులు జరపమంటి గదా. విమల్? ఒరే. నన్నే చూస్తా ఉండావు గదా, ఊ అను. ... ఊ అనరా.