గోడ మీది ఎద్దు గుండెకాయ

ఏమంటివి బిడ్డా, మల్లొకసారి చెప్పు. ఫోన్ల చూసి తెప్పిచ్చి హాల్ల కొట్టుకున్నవు గదా, గా మూడు ఫ్రేముల గుండెకాయ మనిషిది కాదా? ఎద్దుదా? పెట్టెతోని వచ్చిన కాగితంల రాసిండ్రా? ఐదువందల ఏండ్ల కింద ఇటలీ దేశపోడు, కోసి చూసెటందుకు మనిషి పీనుగులు సరిగ దొరకక ఎద్దు గుండెలు కోసి బొమ్మలు గీసిండంట. పెద్ద పెద్ద చదువులోళ్లు తేల్చిండ్రంట. ఎవలే ఆ చదువులోళ్లు? నా ముందటికి తీస్కరా. నలభై ఏండ్ల కింద మా గోపాల్‌పేట దాసు చెప్పిండు గీ మాట. ఇదే వనపర్తిల, ఇదే బొమ్మను చూసి చెప్పిండు.

నీకేం తెలుస్తది దాసంటే, మీ నాయిననే అప్పుడు లాగు మీద తిరుగుతుండె. ఊర్లె ఎవల ఎద్దు సచ్చినా దాసుకే కబురు. ఎత్తుకపోవాలె, తోలు తీయాలె, నానవెట్టి సాపు చేయాలె, ఆ రైతుకు ఏడాదికి రెండు జతల చెప్పులు, బాయికి మోట బొక్కెన కుట్టియ్యాలె. తాతలనాటి పని వాళ్లది. ఆయన కుట్టిన బొక్కెన నీళ్లు నింపి ఎడ్లు గుంజలేకపోతె నేనొక్కన్నే ఒంటి చేత్తోని గుంజిన, రెండెడ్లు పక్కకు నిలవడి నన్నే చూసినయ్. నవ్వుతవేంది మానసా? బీచుపల్లి దాక పొయ్యి అడుగు, ఈ చెన్నయ్య రెట్ట బలమేందో చెప్తరు. సరే, దాసు ముచ్చట గదా. తోలు తీసెటోడు తోలు తీసి ఊకోవాలె. ఈయన ఊకోడు. లోపల అన్నీ విప్పి చూస్తడు. ‘పటేలా, నీ ఎద్దు ఇనుప తీగముక్క మింగింది, అది పొయ్యి గుండెకు గుచ్చుకున్నది, గిదో తీగ’ అని చేతిల వెడతడు. పశువుల డాక్టరు సుత దాసును అడిగినంకనే కాగితం రాస్తుండె. ఎన్ని వందల గుండెకాయలు పట్టుకున్న చేతులు అవి. ఐతారం నాడు అవే చేతులు కడుక్కోని, తెల్లంగి తొడుక్కోని చర్చికి పోయెటోడు.

గట్లాంటి మనిషికి ఛాతిల నొప్పి మొదలైంది. నాలుగడుగులు నడిస్తె ఎగపోత. నేను ఊకుంటనా, సైకిల్ మీద కూసోవెట్టుకోని వనపర్తికి తొక్కిన. బస్సును దాటేసిన తల్లీ, డ్రైవరు తల బయట వెట్టి చూసిండు. గప్పుడు ఈడ ఒక పెద్ద డాక్టరు ఉండె. పేరెందుకులే, పోయినోడు. ఆయన రూముల అద్దాల ఫ్రేముల గిదే బొమ్మ. మందుల కంపెనోడు ఇచ్చిండంట. చుట్టూర ఎర్రమట్టి రంగు గీతలు, ఉల్టా రాసిన అక్షరాలు.

దాసు అంగి విప్పి బల్ల మీద పండుకున్నడు. డాక్టరు చెవులకు గొట్టం వెట్టుకున్నడు. దాసు చూపు గోడ మీదికి పోయింది. నోరు మూసుకోని పండుకోవద్దా? ‘సారూ, గది ఎద్దుది’ అన్నడు. ఏందిరా అన్నడు డాక్టరు. ‘గా గుండెకాయ సారూ. మనిషిది నేను చూడలే, అబద్ధమెందుకు. ఎద్దుది మాత్రం ఎరుకే. నరం గిటు దిక్కు దిగుతది. కోస్తె లోపల చిన్న ఎముక బొక్క గూడ ఉంటది’ అన్నడు. ఎంత మెల్లగ చెప్పిండనుకున్నవ్, చెప్పు కొలత చెప్పినట్టు. ఇగ డాక్టరు నవ్వుడు షురూ చేసిండు. కాంపౌండరును పిలిచిండు, బయట కూసున్న రోగులను సుత పిలిచిండు. ‘వినుండ్రి, గుండెల బొక్క ఉంటదంట. నేను ఆరేండ్లు చదివిన, ఈయన వచ్చి నాకు పాఠం చెప్తుండు.’ నవ్వి నవ్వి, మల్ల మొకం మాడ్చుకున్నడు. ‘లే. తోళ్లు తీసెటోనివి, నాకు గుండె సంగతి చెప్తవా? నీకేం రోగం లేదు, నోరే రోగం’ అని గొట్టం తీసి బల్ల మీద పారేసిండు. దాసు ఛాతి మీద పెట్టనే పెట్టలే బిడ్డా, ఒక్కపారి గూడ పెట్టలే.

నేను లేచిన. డాక్టరు కాలరు పట్టి గోడకు ఒత్తిన, ఫ్రేములన్నీ గడగడ ఊగినయ్, కాంపౌండరు బల్ల కిందికి దూరిండు...

జర ఆ ఫోన్ల చూడు, ఎద్దు గుండెల బొక్క ఉంటదా ఉండదా. ఉంటదంట గదా. చదువు, గట్టిగ చదువు. చూసినవా? ఆరేండ్లు చదివినోడికి తెల్వలే. గా డాక్టరు ఫోటోకు దండ వేసి ఉంటరు యాడనో. దాసుకు ఫోటోనే లేదు. తిరుగుతొవ్వల సైకిల్ ఎక్కు అంటె ఎక్కలే. నడుస్తనన్నడు. నాలుగడుగులకే ఎగపోసే మనిషి, చెట్టు చెట్టుకు కూసుంట ఊరు దాక నడిచిండు. మల్ల ఏ దవాఖానకూ రానన్నడు. పెండ్లాం నర్సమ్మ ఏడ్చి మొత్తుకున్నది. కందులు కోతకు రాకముందే పోయిండు. తప్పు చెప్పి పోలేదు, ఉన్నది చెప్పి పోయిండు. ఇగ ఇప్పుడు అదే మాట కాగితం మీద అచ్చేసి, పెట్టెల వెట్టి అమ్ముతుండ్రు.

ఏంది? కాలరు పట్టినప్పుడు డాక్టరు ఏమన్నడా?

కాలరు... ఆయన నా దిక్కు తిరిగిండు గదా. ‘ఏమయ్యా, నువ్వు రైతువు, జర తెలివున్నోని లెక్క కనవడుతున్నవ్. నువ్వెప్పుడన్న చూసినవా గుండెల బొక్క?’ అని అడిగిండు. దాసు గూడ బల్ల మీదికెళ్లి లేస్త లేస్త నా దిక్కే చూసిండు. మా ఎర్రెద్దు సచ్చిననాడు, దాని గుండెల బొక్కను కడిగి నా అరచేతిలనే వెట్టిండు దాసు. తెల్లగ, చింతగింజంత.

తెల్వది సారూ అన్న.

మీ చెల్లె సుప్రియ బడి బస్సు ఎన్నిగంటలకొస్తది? మబ్బు వట్టింది, దొడ్లె బట్టలున్నయ్ తీస్కపో.