శివనాగరాజు ప్లాస్టిక్ ట్యాంకు

పానకాలు కూతురు శిల్పకి నెలలు నిండాయి. రేపు పొద్దున్నే గుంటూరు ఆసుపత్రిలో చేర్చాలి. దర్శి నుంచి అంత దూరం, పైన మండే ఎండ, బస్సు కుదుపులు తలుచుకుంటేనే పానకాలుకి గుబులు. వరసకి కొడుకయ్యే శివనాగరాజు తన పాత డీజిల్ కారు తెస్తానన్నాడు. మంచి మాటే. కానీ నోరు తెరిస్తే కోతలు కోసేవాడి బండిని నమ్మేదెట్లా?

అందుకే చెంచమ్మ టీ కొట్టు దగ్గర కూర్చోబెట్టి నిలదీశాడు. "ఒరే నాగరాజూ, పాత బండ్లకి రేడియేటర్ మీద ప్లాస్టిక్ ట్యాంకు వేడికి పెళుసెక్కి పగిలిపోద్దంట గదా. మెకానిక్ గౌస్ బాషా చెప్పాడు. నీది మార్చావా?"

"మార్చడమా? బండితో పాటు వచ్చిందే బాబాయ్! అనుమానమైతే అదిగో చూడు, వచ్చిన కాడ్నుంచి ఇంజను ఆపలా, ఏసీ కూడా తిరుగుతానే ఉంది." కొట్టు ముందు కారు గుర్రుమంటోంది. "మొన్న మే నెల్లో ఆరుగురిని ఎక్కించుకుని గుంటూరు పోయా. వేడి ముల్లు సగం దాటితే ఒట్టు."

ఇది నమ్మొచ్చు. పానకాలు మనసు కాస్త కుదుటపడింది. వాడు అక్కడితో ఆపితే బాగుండేది.

"చిలకలూరిపేట దాటాక మిర్చి బస్తాల లారీ ఆగిపోయి ఉంది. తాడు కట్టి గుంటూరు మిర్చి యార్డు దాకా లాక్కుపోయా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తాడిప్పి బండి తిప్పానో లేదో, ఆ లారీ దొర్లుకుంటా వచ్చి నా బండి ముక్కు మీదే గుద్దింది. లారీ అద్దాలు జలజలా రాలినయ్. మన ప్లాస్టిక్కి గీత పడితే చెప్పు!"

"లారీ బతికిందా నాయనా?" అంది చెంచమ్మ టీ వడపోస్తూ.

"దాని సంగతొదిలెయ్ అత్తా. అట్నుంచి అమరావతి పోయా. కృష్ణలో పడవ మునిగిపోతోంది, జనం ఒకటే గోల. ట్యాంకు ఊడబెరికి నీళ్లలోకి విసిరా. పడవలోవాళ్లంతా దాన్ని పట్టుకునే ఒడ్డెక్కారు!"

"మరి ట్యాంకు లేకుండా బండి ఇంటికెట్లా వచ్చిందిరా?"

"అలవాటైన దారి గదా బాబాయ్, ఓర్చుకుంది."

అంతలో కారులోంచి ఫట్‌మని చప్పుడు. బానెట్ సందుల్లోంచి ఆవిరి బుస్సున లేచి కొట్టు మీదకి కమ్మింది. చెంచమ్మకి తుమ్ము మీద తుమ్ము. పానకాలుకి దగ్గు తెరలు తెరలుగా వచ్చింది, కళ్లు భగ్గుమన్నాయి. కారు కింద ఎర్రటి నీళ్లు కారుతున్నాయి.

"ఏరా సచ్చినోడా, రేడియేటర్లో కారం పోశావా?" అంది చెంచమ్మ, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని.

"ట్యాంకుకి చీలిక సన్నదే అత్తా! కారం ఉబ్బి దాన్ని మూసేస్తదని రెండు గరిటెలు..." శివనాగరాజు కళ్లు తుడుచుకున్నాడు. "అయినా మన దర్శి కారం గాబట్టి ఇంతసేపు ఆగింది. ఇంకో ఊరి కారమైతేనా..."

పానకాలు తువ్వాలుతో మొహం తుడుచుకుని, గౌస్ బాషాకి ఫోన్ చేసి వేరే బండి పంపమన్నాడు. అప్పుడు శివనాగరాజు వైపు తిరిగాడు.

"ఒరేయ్, నేను కూతుర్ని పురిటికి తీసుకెళ్లాలిరా. ఆవకాయ పెట్టటానిక్కాదు."