కాస్తోర్ లాక్కొచ్చిన దిబ్బ

జాలరుల ఊరు మసిన్‌లోక్ ఒడ్డున పడవలన్నీ ఇసుకలోనే పడున్నాయి. పురింగ్ కాఫీ కొట్టు ముందు కాస్తోర్ బల్ల మీద చెయ్యి చరిచాడు. రెండు దేశాలు నాదంటే నాదని కొట్టుకుంటున్న పగడపు దిబ్బకి రేపు వెళ్తున్నాడు. పడవలో తోడుగా ఒక మనిషి కావాలి. అందుకే పురింగ్ అల్లుడు ఎల్మెర్ వైపు తిరిగాడు. ఎల్మెర్ భార్యకి నెలలు నిండాయి.

"భయమెందుకురా? మొన్న నేనొక్కణ్ణే వెళ్ళొచ్చా. దిబ్బ అంచున గాలం వేస్తే ఒక లపులపు చేప పడింది, చిన్నదే, నా మోచేతంత. అంతలో చైనా గస్తీ ఓడ వచ్చింది, మన చర్చికి నాలుగింతలుంది. 'ఇది మా సముద్రం, పో' అని అందులోవాడు మైకులో అరిచాడు. నాకు ఒళ్ళు మండింది. మా తాత ఈ దిబ్బ చాటునే తుఫాన్లు తప్పించుకున్నాడు, పొమ్మనడానికి నువ్వెవడివిరా? 'వల వేసేవాడిదే సముద్రం!' అని అరిచా. ఆ కేకకి వాడి ఓడ అద్దాలన్నీ పగిలాయి."

"అద్దాలు కూడానా?" అన్నాడు ఎల్మెర్.

"పగిలాయంటే పగిలాయి! ఆ తర్వాత ఏమైందో తెలుసా? నీళ్ళ ఫిరంగి నా మీదికి తిప్పాడు. నేను అన్నం గిన్నె మూత అడ్డం పెట్టా. నీళ్ళన్నీ వెనక్కి తన్ని వాడి ఓడలోనే పడ్డాయి. వాళ్ళు బకెట్లతో తోడుకుంటున్నారు, నేను కాఫీ కలుపుకుంటున్నా. ఇంకో పది ఓడలొచ్చాయి. వాటికెదురుగా మన దోస్తులమని చెప్పుకునేవాళ్ళ యుద్ధనౌకలు. విన్యాసాలట, విన్యాసాలు! పైన విమానాలు, కింద జలాంతర్గాములు. ఈదడానికి చోటు లేక చేపలు వాటంతటవే నా పడవెక్కి కూర్చున్నాయి."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. కాస్తోర్ నవ్వలేదు.

"నవ్వండి! మన మంత్రిగారేమో టీవీలో జెండా ఊపుతున్నాడు. జెండా ఉడకబెట్టుకు తింటామా? వాళ్ళందరికీ దిబ్బ కావాలి. దాని కింద చేప సంగతి ఒక్కడైనా అడిగాడా? ఇక లాభం లేదని లంగరు తాడు తీసి దిబ్బకి చుట్టా."

"దిబ్బకా!"

"దిబ్బకే. ఇంజిను గట్టిగా తిప్పేసరికి కదిలింది! అటు సేనాపతి, ఇటు సేనాపతి, పటాలు పట్టుకుని ఒకటే ఏడుపు, 'కాస్తోర్ బాబూ, ఇప్పుడు గీత ఎక్కడ గియ్యాలి' అని. మన ఒడ్డు వైపు సగం దూరం లాక్కొచ్చి వదిలా. రేపు మధ్యాహ్నానికే చేరిపోతాం. పడవ నిండా చేపతో తిరిగొచ్చానురా! వస్తావా, రావా?"

ఎల్మెర్ లేచి నిలబడ్డాడు. "వస్తాను, అన్నా."

పురింగ్ కాఫీ గిన్నె దించింది.

"పడవ నిండా చేప తెచ్చావా?"

"అంచుల దాకా, అక్కా."

"దిబ్బ నుంచి వచ్చినవాడు వీధిలో ఇంటికో చేప పంచాకే తన ఇంట్లోకి అడుగు పెడతాడు. మా ఆయన జ్వరంతో వణుకుతూ వచ్చి కూడా పంచాడు. మొదటి చేప కడుపుతో ఉన్నదానికి. మరి నా కూతురి చేప ఏదయ్యా?"

"అదీ... తొందరలో..."

"ఆ సాయంత్రం నువ్వు నా కొట్టుకొచ్చి సార్డీన్ డబ్బా పట్టుకెళ్ళావు. డబ్బా మీది బొమ్మ చేప తప్ప నీ చేతిలో ఇంకో చేప లేదు. నా అల్లుణ్ణి దేనికి రమ్మంటున్నావు?"

ఎవరూ నవ్వలేదు.

"అన్నా, అసలు దిబ్బ దాకా వెళ్ళావా?" అడిగాడు ఎల్మెర్.

కాస్తోర్ పిడికిళ్ళు బిగించి సముద్రం వైపు చూశాడు.

"దాని మీద ఎగిరే పక్షులు కనబడ్డాయిరా. అంతలోనే నీళ్ళ ఫిరంగితో కొట్టారు. పడవ ఒరగకుండా పక్కన కట్టిన వెదురు విరిగింది." మళ్ళీ బల్ల చరిచాడు. "ఆ పక్షుల్ని మాత్రం ఎవడూ పొమ్మనడంలేదు!"

ఎల్మెర్ మళ్ళీ బల్ల మీద కూర్చున్నాడు.