వలకి కుట్టిన ఇసుక

గోదావరి ఒడ్డున అడవిపొలం అనే ఊళ్లో ఓ ముసలామె ఇంటి ముందు, ఫ్యాక్టరీ వ్యర్థాల నుంచి లోహాలు తీసే ప్లాంటు ఇంజనీరమ్మాయి ఇసుక బస్తా దగ్గర రేడియేషన్ మీటరు పట్టుకుని నిలబడింది.

"మామ్మగారూ, తాతగారు మూతపడ్డ ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన ఈ బరువు ఇసుకలో థోరియం ఉందండి. ఒంటికి మంచిది కాదు. ఖరీదైన లోహాలూ ఇందులోనే ఉన్నాయి. ఆసిడ్‌తో కరిగించి దేనికది వేరు చేసేస్తాం. రవ్వంత కూడా వదలం."

"అయితే బస్తా పట్టుకుపోమ్మా."

"సగమే ఉందేంటండీ? మిగతాదేదీ?"

"సీసం కొనక్కర్లేదని చిన్న సంచుల్లో పోసి, వలకి బరువుగా కుట్టేశాను. ఆ వల ఇప్పుడు గోదాట్లో ఉంది."

"సంచులు చిరిగితే ఏట్లో కలిసిపోతుందండీ. అక్కణ్నించి నేను కూడా తీయలేను."

"నీ ఆసిడ్ సంగతి నాకు తెలీదు. నా కుట్టు నాకు తెలుసు. పడవెక్కు, రవ్వంత రాలిందేమో నువ్వే చూద్దువుగాని."