కళావతి గీసిన సోడియం

"బండి చక్రాలు గావు, ముగ్గులు గావు. మరేంది మాస్టర్ సాబ్ ఇవి? నడుమ ఒక అంకె, సుట్టూ గుండ్రటి గీతలు, గీతల మీద చుక్కలు. ఒక్క పేజీ గాదు, పుస్తకం నిండ ఇవే."

"అవి పరమాణువులు, అమీన్ సాబ్. ఆటం అంటరు."

"ఆటం? జపాన్ మీద ఏసిన్రే, గదేనా? బడిల పిల్లలకు బాంబులు నేర్పుతాన్రా?"

"అయ్యయ్యో, బాంబు గాదు సాబ్! ఉప్పు, బొగ్గు, గాలి... వాటి లోపల ఏముంటదో చెప్తం. పరీక్షల అడుగుతరు. అంతే సాబ్, దేవుని తోడు, అంతే."

1948. నిజాం రాజ్యంలో ఎండలు ముదురుతున్న రోజులు. వరంగల్ కోట బయట పోలీసు నాకా. బల్ల వెనక నాకా అధికారి, అమీన్ లియాఖత్ అలీ. ఎదురుగా హైస్కూలు సైన్సు టీచరు కిషన్ రావు. పోలీసుల కుర్చీలో కూర్చోవడం ఆయనకు పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిసారి. ఆయన దగ్గర చదివే పదహారేళ్ల కళావతి గోడకు ఆనుకొని నిలబడింది. పుస్తకం ఆ అమ్మాయిదే.

"మాస్టర్ సాబ్, నాకు తెలుగు మాట్లాడొస్తది గని చదువరాదు. ఈ పిల్ల కోటలకెల్లి బయటికొస్తుంటె మా జవాన్ సంచి తనిఖీ చేసిండు. పుస్తకం జూసి ఏమన్నడో తెల్సా? ఇది కోట నక్షా అన్నడు. నడుమ మా తుపాకుల గది. ఇది రాతికోట గోడ. ఇది మట్టికోట. ఇది బయటి తొవ్వ. చుక్కలు మా జవాన్లు."

"కాదు సాబ్, ఆ పిల్లది మంచి ఇల్లు. హన్మకొండ చౌరస్తల వాళ్ల నాయిన బట్టల దుకాణం..."

"దుకాణం సంగతి నేనడిగిన్నా? కోటల ఏం పని బేటీ నీకు?"

"మా మేనత్త ఇల్లు కోటలనే ఉంది సాబ్. అత్తమ్మకు పాణం బాగలేదు. రోజు పోయొస్తాన."

"రోజు. పుస్తకం పట్టుకొని రోజు."

"చదువుకునే పిల్ల సాబ్, క్లాసుల ఫస్టు. లెక్క తప్పదు, అక్షరం తప్పదు. నేను హామీ ఉంట."

"హామీ జర ఆగుండ్రి. పోయిన నెల పక్క తాలూకల ఒక నాకా తగలవెట్టిన్రు. దానికి ముందుగాల గిట్లనే ఎవడో నక్షా గీసిండు. ఇద్దరు జవాన్లు సచ్చిపోయిన్రు. అండ్ల ఒకడు మా అక్క హలీమాబీ కొడుకు. ఇరవై ఏండ్లు లేవు వానికి. ఇగ కాయితం మీద గుండ్రటి గీత కనబడితె నేను ఇడిసిపెట్ట. సాయంత్రం లారీ వస్తది. ఇది నక్షా అయితే పిల్లను ఎక్కిస్త. పాఠమైతే ఇంటికి పంపిస్త. లారీ ఎక్కినోళ్ల సంగతి మీకు తెల్సు."

"తెల్సు సాబ్. ఎవ్వలూ వాపస్ రాలే."

"అయితే నాకు పాఠం చెప్పుండ్రి. నాకు సమజ్ అయితే పాఠం. కాకపోతే నక్షా. గట్లెందుకు వణుకుతాన్రు?"

"వణుకుతలేను... వణుకుతాన సాబ్. భయమైతాంది. జర మంచినీళ్లు..."

"తాగుండ్రి. తాగి చెప్పుండ్రి."

"చెప్త. చెప్తాన సాబ్. ఇగో, ఈ రాగి చెంబే ఉంది. దీన్ని ముక్క చేసిన్రు. ముక్కను మళ్ల ముక్క చేసిన్రు. అట్ల చేసుకుంట చేసుకుంట పోతె, ఇగ చేస్తె రాగి అనేది మిగలదు అన్నంత చిన్న ముక్క ఒకటి వస్తది. ఆఖరి రాగి ముక్క. అది రాగి పరమాణువు."

"కంటికి కనబడ్తదా?"

"కనబడదు సాబ్."

"కనబడనిదానికి బొమ్మ ఎట్ల గీసిన్రు? నా జవాన్లయితే కనబడ్తరు."

"పెద్ద పెద్దోళ్లు ప్రయోగాలు చేసి, లెక్కలు కట్టి ఇట్లుంటదని చెప్పిన్రు సాబ్. మేము వాళ్లు చెప్పినట్టు గీస్తం. నడుమ కేంద్రకం. అండ్ల ప్రోటాన్లుంటయి, న్యూట్రాన్లుంటయి. సుట్టూ ఎలక్ట్రాన్లు తిరుగుతయి. ప్రోటాన్లది ధన విద్యుత్తు, ఎలక్ట్రాన్లది రుణ విద్యుత్తు. ఒకదాన్నొకటి గుంజుకుంటయి."

"న్యూట్రాన్లది?"

"వాటికేం లేదు. బరువే."

"మా దఫేదార్ అసొంటియన్నట్టు. ఊఁ, చెప్పుండ్రి. నడుమదానికి, గీతకు మధ్యల ఏముంటది?"

"ఏముండదు సాబ్. ఖాళీ. నడుమ శెనగ గింజ పెట్టినమనుకోండ్రి, ఎలక్ట్రాను ఎక్కడ్నో ఆ రాతికోట గోడ కాడ తిరుగుతది."

"మళ్ల కోటకే వచ్చిన్రు."

"అయ్యో! నోరు జారింది సాబ్. క్లాసుల గట్లనే చెప్త, పిల్లలకు తెలిసిన జాగ గదా అని... తప్పయింది."

"గాబరా పడకుండ్రి. ఈ బొమ్మేంది? నడుమ ఆరు."

"అది కార్బన్. మనం పొయ్యిల ఏసే బొగ్గు. ఆరంటే లోపల ఆరు ప్రోటాన్లు. లోపల ఎన్నుంటె బయట అన్నే ఎలక్ట్రాన్లుండాలె. అట్లుంటెనే పరమాణువు సమంగ ఉంటది. మొదటి గీత మీద రెండు, రెండో గీత మీద నాలుగు."

"రెండు, నాలుగు, ఆరు. ఠీక్. ఇది ఎనిమిది. రెండు, ఆరు. ఠీకే. ఇదేంది?"

"మీరు చూసింది ఆక్సిజన్ సాబ్, మనం పీల్చే గాలిలది. ఇది క్లోరిన్. పదిహేడు. రెండు, ఎనిమిది, ఏడు."

"అన్నిట్ల మొదటి గీత మీద రెండే ఉన్నయేంది?"

"అండ్ల జాగ అంతే సాబ్. రెండు పడతయి. హైడ్రోజన్‌కు ఉన్నదే ఒకటి కాబట్టి దానికి ఒకటుంటది. మూడు మాత్రం ఉండవు."

"ఎప్పుడన్నా, యాడన్నా?"

"ఎప్పటికీ ఉండవు. రెండు నిండినంక రెండో గీతకు పోవాలె. అండ్ల ఎనిమిది. అదీ నిండినంక మూడో గీత. మీరు మా పిల్లలకన్న తొందరగ పట్టుకుంటాన్రు సాబ్."

"తారీఫ్ వద్దు. ఈ పేజీ చదువుండ్రి. మా జవాన్ దీని మీదనే లొల్లి చేసిండు. ఆఖరోడు ఒంటరిగుంటడు, సులువుగ పోతడు అని రాసుందట గదా? ఎవడు వాడు? మా జవాన్ ఎవడన్నా మీతోని కలిసిండా?"

"అది సోడియం సాబ్. నడుమ పదకొండు. మొదటి గీత మీద... మొదటి గీత..."

"ఏమైంది?"

"ఏం లే... ఏం లేదు సాబ్. ఇంకు జర అలికింది. సోడియంకు ఆఖరి గీత మీద ఒక్కటే ఎలక్ట్రాను ఉంటది. ఒక్కటే గనుక సులువుగ పోతది. క్లోరిన్‌కు ఆఖరి గీతల ఒకటి తక్కువ. ఇది ఇస్తది, అది తీసుకుంటది. రెండూ కలిస్తె మనం తినే ఉప్పు. ఉప్పు సాబ్. జవాన్ గాదు, ఉప్పు."

"వాహ్. ఉప్పుల ఇంత కథ ఉందా? సరే, నమాజు వేళయింది. నేను వచ్చినంక, ఇది పాఠమేనని రాసి దస్తఖత్ పెట్టుండ్రి. పుస్తకం నాతోనే ఉంటది. బయట జవాన్ ఉన్నడు, కదలకుండ్రి."

అమీన్ పుస్తకం చంకన పెట్టుకొని బయటికి వెళ్లాడు. గదిలో ఇద్దరే మిగిలారు.

"కళావతీ."

"సార్."

"గట్టిగ మాట్లాడకు. సోడియంల మొదటి గీత మీద మూడు చుక్కలున్నయి. తప్పు పెట్టినవా? తప్పేనని చెప్పు బిడ్డా."

"తప్పు గాదు సార్."

"మరేంది?"

"అది సోడియం గాదు సార్."

"అయ్యో... అయ్యో నా తల్లీ. ఏం జేసినవే! అంటే ఆ జవాన్ చెప్పింది నిజమేనా? కోటనేనా?"

"మా అన్న సాంబయ్య కోట నక్షా గీసి పంపుమన్నడు సార్. వాళ్లంత నిజాం మీద కొట్లాడెటోళ్లు, సరిహద్దు క్యాంపుల ఉన్నరు. లోపల తుపాకులు పదకొండు. మట్టికోట మీద ఎనమండుగురు. బయటి తొవ్వల ఒక్కడు. అచ్చం సోడియం లెక్కనే అనిపించింది. మీరే గద సార్ క్లాసుల నవ్వుకుంట అన్నరు, ఈ బొమ్మ జూస్తె చదువుకున్నోనికి గూడ సమజ్ కాదని."

"నేనంటిన్నా? నేనే అన్న. నా నోట్ల మన్ను వడ. మరి రాతికోట కాడ మూడెందుకు పెట్టినవ్? రెండే పెడితె నీ సొమ్మేం పోయింది? అచ్చం పాఠమే అయిపోవు గదనే!"

"అక్కడ ముగ్గురున్నరు సార్. ఇద్దరని రాస్తె, మా అన్నోళ్లు ఇద్దరే అనుకొని వస్తరు. మూడోడు కాలుస్తడు. సార్, మీరు ఏడుస్తాన్రా?"

"నన్నెందుకు లాగినవే దీంట్లకు? నేను ధైర్యవంతుణ్ని గాను. లాఠీ కనబడితెనే నాకు చెమటలు పడతయి. ఇంట్ల ఇద్దరు చిన్నపిల్లలు. మా ఇంటామె రాజేశ్వరికి ఇప్పుడు ఏడో నెల. ఆయన గట్టిగ రెండు దెబ్బలు కొడితె నేను చెప్పేస్త. నా సంగతి నాకు తెల్సు. చెప్పేస్త."

"చెప్పుండ్రి సార్. నేనే గీసిన్నని నేను గూడ ఒప్పుకుంట."

"నోర్మూయ్! ఒప్పుకుంటదట. లారీ అంటే ఏందనుకుంటానవ్? నీకు పదహారేండ్లే."

"తెల్సు సార్. ఏమన్నా మాట్లాడుండ్రి సార్, ఊకుంటె ఎక్కువ భయమైతాంది."

"నాకూ గట్లనే ఉంది బిడ్డా. విను. అమీన్ మొదటి గీత లెక్కవెట్టలేదు. నేను తొందర తొందరగ ఆఖరి గీతకు గుంజుకపోయిన. దస్తఖత్ పెడ్త. నువ్వు తల దించుకొని ఇంటికి పో. అడుగుల చప్పుడైతాంది, అమీన్ వస్తాండు. కొంగుతోని మొహం తుడుసుకో."

"మాస్టర్ సాబ్! మజా వచ్చింది. నమాజయినంక ఆడనే కూసొని బొమ్మలన్నీ ఒక్కొక్కటి లెక్కగట్టిన. నేను మిడిల్ దాక చదివిన. మా నాయిన పోయినంక చదువు బందయింది. మీ అసొంటోడు దొరికితె ఇంకా చదువుతుంటి కావచ్చు."

"మీ దయ సాబ్. మరి దస్తఖత్..."

"కార్బన్ సరిపోయింది. ఆక్సిజన్ సరిపోయింది. క్లోరిన్, రెండు, ఎనిమిది, ఏడు, పదిహేడు. ఒక్క సోడియం సరిపోతలేదు. నడుమ పదకొండు. బయట మూడు, ఎనిమిది, ఒకటి. పన్నెండు. నాలుగుసార్లు లెక్కవెట్టిన. మొదటి గీత మీద మూడు ఎప్పటికీ ఉండవంటిరి గద?"

"పిల్ల తప్పు సాబ్. చిన్నపిల్ల, తొందరల ఒక చుక్క ఎక్కువ..."

"క్లాసుల ఫస్టు, లెక్క తప్పదు అన్నది మీరే. పుస్తకం నిండ ఇరవై బొమ్మలున్నయి. పంతొమ్మిదింట్ల ఒక్క తప్పు లేదు."

"నేనే సరింగ చెప్పలేదు కావచ్చు సాబ్. ఇంకుతోని రాసేటప్పుడు..."

"ఇంకు ఎక్కడ అలకలే. నేను జూసిన. ఇంకో మాట చెప్తా మాస్టర్ సాబ్. రాతికోట దర్వాజ కాడ మొన్నటి దాక ఇద్దరే ఉండేటోళ్లు. మా అక్క కొడుకు పోయినంక నేనే అక్కడ మూడో జవాన్‌ను పెట్టిన."

"సార్... సార్, నేను చెప్త..."

"నువ్వు ఊకో కళావతీ."

"బేటీని చెప్పనీయుండ్రి."

"ఆమెకేం తెల్వదు సాబ్! ఏం చెప్తది?"

"ఎవరికి తెల్సో నాకైతే సమజ్ కావాలె. మీరు మంచిగ పాఠం చెప్పిన్రు, నేను మంచిగ విన్న. మీ మీద నాకు గుస్సా లేదు. ఒక్క మాట చెప్పి ఇంటికి పోండ్రి. ఇది తప్పా, నక్షానా?"

"నక్షానే, సాబ్."

"సార్!"

"అయితే పిల్ల లారీ ఎక్కుతది."

"పిల్ల ఎందుకెక్కుతది సాబ్? బోర్డు మీద గీసింది నేను. ఇది సోడియం, ఇట్లనే రాసుకో, అత్తమ్మ ఇంటికి పోయేటప్పుడు పుస్తకం పట్టుకపో అన్న. సారు చెప్పిండని రాసుకుంది, పట్టుకపోయింది. అవు సాబ్, వణుకుతనే ఉన్న, ఏం జెయ్యాలె, భయమైతాంది. కళావతీ, నా మొహం జూసుకుంట నిలబడకు. ఇంటికి పో బిడ్డా. రేపటి నుంచి క్లాసుకు వేరే సారు వస్తడు."